తన్నిన బంతి కింద

"విజిల్ నోట్లె పెట్టుకోకుర్రి మేడం," అన్నాడు మక్సూద్ సార్. "నోట్లె ఉన్న విజిల్ మన మాట వినది. ఊపిరి గట్టిగ ఇడిసినా మోగుతది."

మెర్సీ విజిల్‌ను పెదవుల మధ్య నుంచి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. తాడును వేళ్లకు రెండు చుట్లు చుట్టింది. ఉదయం ఎనిమిదన్నా కాలేదు, అప్పుడే అరచెయ్యి చెమటతో తడిసింది.

పాలమూరులో కాలేజీ మైదానం అది. ఇద్దరు కూలీలు చిల్లుల డబ్బాతో సున్నం గీతలు పోస్తున్నారు. గాలికి సగం సున్నం గీత మీద పడుతోంది, సగం వాళ్ల కాళ్ల మీద పడుతోంది. రేపూ ఎల్లుండీ ఉమ్మడి జిల్లా ఆడపిల్లలకు అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు. జట్టుకు ఏడుగురు. అన్ని జట్లకూ కలిపి ఉన్నవి పదిహేను హెల్మెట్లు. ఒక జట్టు ఆడి దిగితే, ఆ చెమట తడి ఆరకముందే ఇంకో జట్టు నెత్తిన పెట్టుకోవాలి.

మక్సూద్ సార్ రిటైరైన డ్రిల్లు మాస్టరు. అరవై నాలుగేళ్ల మనిషి. ఈ ఆటకు పెద్ద రిఫరీ ఆయనే. మెర్సీ మక్తల్ దగ్గర జిల్లా పరిషత్ స్కూల్లో పీఈటీ. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆమె ఎక్కువగా ఊదింది వాలీబాల్‌కు. వాలీబాల్‌లో బంతి నేలను తాకితే విజిల్. ఆమె చెవీ ఊపిరీ దవడా ఇన్నేళ్లూ ఆ ఒక్క పాఠాన్నే వల్లె వేశాయి.

"జర సూడుర్రి," అంటూ మక్సూద్ సార్ రెండు కొసలూ మొనదేలిన ఆ తోలు బంతిని కాలితో పైకి తన్నాడు. బంతి పల్టీలు కొడుతూ పోయి, నేలను తాకి, ఎవరూ అనుకోని పక్కకు ఎగిరింది. "తన్నిన బంతికి మూడే దారులు మేడం. ఒకటి, కింద నిలవడ్డ పిల్ల చెయ్యి పైకెత్తి ఊపుతది. నేను ఉరుకను, నన్ను గుద్దకుర్రి అని దాని అర్థం. బంతి పట్టంగనే ఊదాలె. జర ఆలిస్యమైనా ఎదురుంగ ఉరికొచ్చెటోళ్లు ఆ పిల్లను నలగ్గొడ్తరు. రెండు, పట్టవోయి జారిడుస్తది. అప్పుడు ఊదొద్దు. బంతి పాణంతోనే ఉన్నది. ఎవలు మీదవడితే వాళ్లదే. మూడు, ఎవలూ ముట్టకుంట దొర్లుతది. అప్పుడు సుత పూర్తిగ ఆగేదాక సూడాలె."

"ఒకటో దానికి, రెండో దానికి నడుమ ఎంత టైముంటది సార్?"

"కండ్లు మూసి తెరిసినంత," అన్నాడు ఆయన. "అందుకే మూయొద్దు."

మెర్సీ మైదానం ఆ చివరికి నడిచింది. బంతి కోసం ఎదురుచూసే పిల్లకు పది అడుగుల వెనక, కొంచెం పక్కగా ఆమె నిలబడాలి. పోయిన యేడు కూడా ఇక్కడే నిలబడింది. నేల అప్పుడెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. గులకరాళ్లు, ఎండిన పల్లేరు, ఎవరో పారేసిన మంచినీళ్ల పాకెట్.

పోయిన యేడు విజిల్ గుప్పిట్లోనే ఉంది. రమ చెయ్యి ఊపింది. బంతి పట్టుకుంది. మెర్సీ చెయ్యి నడుము దగ్గర నుంచి నోటి దాకా వచ్చేలోపలే అయిపోయింది. ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. అది రమ మెడ కింద ఎముక. సొంత స్కూలు పిల్ల. నెల తిరక్కుండా రమ అన్న వచ్చి టీసీ తీసుకుపోయాడు. ఒక చెయ్యి మెడకు కట్టి ఉంటే, ఆటో వెనక సీట్లోంచి రమ రెండో చెయ్యి ఎత్తి ఊపింది. ఆటలో ఊపినట్టే ఊపింది. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడుందో మెర్సీకి తెలియదు.

తిరిగి వచ్చి, "సార్, నన్ను ఇంకో జాగాల పెట్టుర్రి. గడియారం చూసుకుంట," అంది.

"ఇంకెవల్ని పెట్టాలె? రూల్సు పుస్తకం మీ అంత చదివినోళ్లు ఎవలున్నరు?"

అది నిజమే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకమంతా లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుంది ఆమె. చదివిన కొద్దీ భయం తగ్గుతుందనుకుంది. ఎన్ని రకాలుగా తప్పు జరగవచ్చో తెలిసివచ్చింది, అంతే.

పది గంటలకు రఘుపతి వచ్చాడు. పోటీలు పెట్టే సంఘానికి సెక్రటరీ. కోస్గి ఆయన ఊరు. వెనక ఆటోలో టీషర్టుల మూట దిగింది. మూట విప్పి ఒకటి దులిపి చూపించాడు. వీపు మీద రాష్ట్ర పోటీల పేరు, దాని కింద కోస్గి అని అచ్చుకొట్టి ఉంది.

"ఇంకా ఆటే కాలే గద," అన్నాడు మక్సూద్ సార్.

"కాకుంటే ఏడికి పోతది సార్? గెలిచిన జట్టే పోయేది. గెలిచేది మా పిల్లలే. తర్వాత అచ్చుకు టైముండది." రఘుపతి నవ్వి మెర్సీ వైపు తిరిగాడు. "మేడం, మీకో మాట. గా బంతి జర కిందవడంగనే విజిల్ కొట్టేయుర్రి. సూసెటోళ్లకు సమజైతది. దెబ్బలు సుత తాకవు. పోయినేటి లెక్క ఇంకో పిల్ల బొక్కిరగ్గొట్టుకున్నదనుకో, ఇగ ఈ జిల్లాల ఆటే బంద్. అది ఎవల పేరు మీద పోతదో మీకే ఎరుక."

ఆయన గొంతులో కోపం లేదు. టీ తాగుతూ, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు. మెర్సీ తల ఊపింది. సరే అనీ కాదు, కాదు అనీ కాదు. ఆ తల ఊపు ఆమెకే నచ్చలేదు.

శనివారం పొద్దున మొదటి ఆటలో, మొదటి తన్నుకు విజిల్ గుప్పిట్లోనే ఉంది. రెండో తన్నుకు ముందు ఆమె దాన్ని నోట్లో పెట్టుకుంది. పళ్లతో కరిచి పట్టుకుంది. మక్సూద్ సార్ మైదానం అవతలి కొసన ఉన్నాడు, చూడలేదనుకుంది.

ఆ రోజు పదకొండు తన్నులు. ప్రతిసారీ బంతి పిల్ల చేతిలో పడ్డం, విజిల్ మోగడం ఒక్కటే అయ్యాయి. ఉరికొచ్చే పిల్లలు విజిల్ వినగానే మడమలు నేలకు తన్ని ఆగిపోయారు. దుమ్ము లేచింది, సద్దుమణిగింది. ఎవరి ఒంటి మీదా గీత కూడా పడలేదు. రెండు ఆటలూ అయ్యేసరికి కోస్గి, ఆత్మకూర్ ఫైనలుకు మిగిలాయి.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పుకున్నారు. మక్సూద్ సార్ ఆమె ముందున్న విజిల్ చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూశాడు.

"దీని మీద పండ్ల గాట్లు పడ్డయ్ మేడం."

మెర్సీ ముద్ద మింగింది. "ఒక్కటన్నా తప్పు పోయిందా సార్?"

"ఇయ్యాల ఎవలూ జారిడువలే గద," అన్నాడు ఆయన. విజిల్ ఆమె ముందు పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నీళ్ల డ్రమ్ము దగ్గర కోస్గి అమ్మాయి బుష్రా హెల్మెట్ లోపల గుడ్డతో తుడుస్తోంది. సన్నని పిల్ల. వాళ్ల జట్టుకు బంతి కింద నిలబడేది తనే. మెర్సీని చూసి లేచి నిలబడింది.

"మేడం, బంతి కోసం పైకి సూస్తుంటే ఎదురుంగ ఎవలొస్తున్నరో నాకు కనవడదు. కాళ్ల సప్పుడే ఇనవడ్తది. మీరు సూస్తుంటరు గద?"

"సూస్తుంట."

"మా అమ్మీకి తెల్వదు గీ ఆట గురించి. ఖోఖో అని చెప్పిన." బుష్రా పక్కకు చూసి చిన్నగా నవ్వింది. "దెబ్బ తాకితే తెలిసిపోతది. ఇగ కాలేజీ సుత పంపదు."

"తాకనియ్య," అంది మెర్సీ. ఎవరు ఇవ్వగలరు అట్లాంటి మాట.

బుష్రా వెళ్లాక ఆత్మకూర్ పిల్ల ఒకతి వచ్చింది. నల్లగా, గట్టిగా, బొంగరంలా ఉంది. పేరు మైసమ్మ. బంతి తన్నగానే అందరికంటే ముందు అవతలి కొసకు ఉరికేది ఆ పిల్లే. బూటు అడుగు ఊడితే గుడ్డపేలికతో కట్టుకుంది. డ్రమ్ము గట్టు మీద కాలు పెట్టి ఆ ముడి బిగిస్తూనే అడిగింది.

"మేడం, మా సారు ఒక ముచ్చట చెప్పిండు. నిజమేనా అని. ఆ పిల్ల చేతులకెళ్లి బంతి జారితే నేను పట్టుకోవచ్చునట."

"పట్టుకోవచ్చు. చెయ్యి ఊపినా సరే, జారిందంటే ఎవరిదైనా అయితది."

"మీరు విజిల్ కొట్టకుంటే."

"కొట్టను. జారితే కొట్టద్దు, అది రూలు."

"మరి నిన్న గా సెక్రటరీ సారు బంతి కిందవడంగనే కొట్టుమన్నడట."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"సున్నం పోసెటాయన మా ఊరాయనే," అంది మైసమ్మ. ముడి బిగించి కాలు దించింది. "ఆ పిల్లకు చేతులు వణుకుతయ్ మేడం. పొద్దుగాల వాళ్ల ఆటల సూసిన. ఒక్కపారన్న జారుతది. నేను ఆడనే ఉంట. మీరు కొట్టకుంటే సాలు."

"నీకంత పట్టుదలేంది బిడ్డ?"

"మా బాపు బొంబాయి తోలుకపోతనంటుండు. ఆడ మా అమ్మ నడుము పోయింది, వండుటానికి మనిషి గావాలె. గెలిస్తె ఈడనే సదువుకోమన్నడు. రాష్ట్రానికి పోయినోళ్లకు ఆటల కాలేజీల సీటిస్తరట గద, గందుకు. రేపు బాపు వస్తుండు, సంచి పట్టుకొని. గెలిస్తె ఒక్కడే పోతడు. ఓడితె ఇద్దరం. సాయంత్రం ఆరింటికి బస్సు." డ్రమ్ము కొళాయి కింద ముఖం పెట్టి కడుక్కుంది. "టికెట్లు రెండు తీసిండు. ముసలోడు ఉషారు."

మెర్సీ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆదివారం ఎండ పొద్దున్నుంచే తెల్లగా కాసింది. మూడింటికి ఫైనలు. మైకు సరిచేస్తూ ఎవడో పదే పదే హలో అంటున్నాడు. వస్తుందన్న అంబులెన్సు రాలేదు. దాని కోసం వదిలిన జాగాలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. వేదిక నీడలో ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ సంచి, దాని మూతికి సుతిలి ముడి. బాగా నిండిన సంచి. మెర్సీ ఒక్క చూపుతో గుర్తుపట్టింది, మైసమ్మ తండ్రి. ఆయన మైదానం వైపు చూడ్డం లేదు, సంచి వైపు చూస్తున్నాడు.

"మేడం, ఇయ్యాల చేతిల పెట్టుకుంటరు గద," అన్నాడు మక్సూద్ సార్, టోపీ సర్దుకుంటూ.

"పెట్టుకుంట సార్."

మొదటి సగం చేతిలోనే పెట్టుకుంది. నాలుగు తన్నులు. నాలుగోసారి విజిల్ ఒక వెంట్రుకవాసి ఆలస్యమైంది. మైసమ్మ భుజం బుష్రా భుజాన్ని రాసుకుంటూ పోయింది. బుష్రా ఒక అడుగు తూలి నిలదొక్కుకుంది, అంతే. రఘుపతి గీత అవతల నుంచి మెర్సీని చూశాడు. తన మెడ కింద ఎముక మీద వేలు పెట్టి చూపించాడు.

రెండో సగంలో విజిల్ నోట్లోకి ఎప్పుడు వచ్చిందో మెర్సీకి తెలియదు. ప్లాస్టిక్ మీద పాత గాట్లలో పళ్లు సరిగ్గా కూర్చున్నాయి.

ఆఖరి నిమిషం. కోస్గి పద్నాలుగు, ఆత్మకూర్ ఎనిమిది. అప్పుడు ఆత్మకూర్ పిల్లలు కిందా మీదా పడి గీత దాటారు. పద్నాలుగు, పద్నాలుగు. గీత దాటితే దొరికే అదనపు పాయింటు ప్రయత్నం తప్పిపోయింది. సమానమైతే ఎవరు గెలిచినట్టని మైకాయన అడిగాడు. సమానమైతే నిన్నటిదాకా ఎక్కువ పాయింట్లున్న కోస్గిదే గెలుపని రఘుపతి చెప్పాడు. ఆ షరతు ముందే రాసి ఉంది, అందులో మోసం లేదు. పాయింట్లు చేసిన జట్టే మళ్లీ బంతిని అవతలివాళ్ల వైపు తన్నాలి. బుష్రా దాన్ని పట్టుకుంటే చాలు, మిగిలిన ముప్పై సెకండ్లు కోస్గి పిల్లలు బంతిని కడుపులో పెట్టుకుని గడిపేస్తారు.

బంతి లేచింది. ఇంతకుముందు ఎప్పుడూ లేవనంత ఎత్తుకు లేచింది. బుష్రా రెండడుగులు వెనక్కి వేసి చెయ్యెత్తి ఊపింది. మెర్సీకి ఆ చెయ్యి కనిపించింది. ఆ చేతి అవతల దుమ్ములోంచి మైసమ్మ వస్తోంది. తల వంచి, చేతులు పిడికిళ్లు చేసి, గుడ్డపేలిక కట్టిన బూటు తపతపలాడుతుంటే వస్తోంది. బంతి దిగుతోంది. మైసమ్మ వస్తోంది. బుష్రా మెడ వెనక్కి వాలి ఉంది. హెల్మెట్ కింద ఆ సన్నని మెడ, ఆ కింద ఎముకలు.

ప్రభువా, అనుకుంది మెర్సీ.

విజిల్ మోగింది.

మోగినప్పుడు బంతి బుష్రా వేళ్లను తాకి, రొమ్మును తాకి, కిందికి జారి, సున్నం గీత మీద పడి ఎగిరింది. మైసమ్మ దాని మీద పడింది. గుద్దుకోవడం లేదు, కేక లేదు. బుష్రా నిలబడే ఉంది. మైసమ్మ నేల మీద ముడుచుకుని, బంతిని కడుపు కింద పెట్టుకుని ఉంది. కోస్గి గీతకు ఎనిమిది అడుగుల దూరం. అక్కడి నుంచి ఆత్మకూర్‌కు ఇంకా నాలుగు ప్రయత్నాలు ఉండేవి.

విజిల్ ఇంకా మెర్సీ నోట్లోనే ఉంది. భయం ఊదిందా, వాలీబాల్ ఊదిందా ఆమెకే తెలియదు. ఊపిరి తనదే, అంతవరకు తెలుసు.

"పట్టింది, పట్టింది," అంటూ రఘుపతి గీత దాటి వచ్చేశాడు. "చెయ్యి ఊపింది, పట్టింది, విజిలైంది. క్యాచే. ఆట నడువనియ్యి సార్."

కోస్గి పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మైసమ్మ లేవలేదు. నేల మీద నుంచే అంది, "బంతి నా కింద ఉన్నది సార్."

మక్సూద్ సార్ నడిచే వచ్చాడు. ఉరకలేదు. "రఘుపతీ, నువ్వు గీత అవతలికి నడువు," అన్నాడు. మెర్సీ ముందు ఆగాడు. "సీటీ మోగినప్పుడు బంతి యాడున్నది మేడం? మీరు తప్ప ఎవలూ చెప్పరాదు."

"మేడం, జర సోంచాయించి చెప్పుర్రి," అన్నాడు రఘుపతి, గీత అవతల నుంచి. అదే టీ తాగే గొంతు. "ఎవలకూ దెబ్బ తాకలే. అంత మంచిగనే అయింది. ఇగ మీరే పొరపాటైందంటే మళ్ల ఏ పోటీలకు పిలుస్తరు మిమ్మల్ని?"

మైసమ్మ మెల్లగా లేచి కూర్చుని బంతిని ముందుకు చాచింది. బంతి ఒక కొసన తెల్లగా సున్నం అంటింది. నేలను తాకకపోతే అంటదు. ఆ పిల్లకు ఆ సంగతి తెలిసినట్టు లేదు, చేత్తో తుడవబోతోంది.

"తుడవకు," అంది మెర్సీ. "భూమ్మీద ఉన్నది సార్. చేతులల్ల లేదు. నేను ముందే ఊదిన."

మైసమ్మ ముఖం హెల్మెట్ చువ్వల వెనక వెలిగింది. "అయితే మాదే గద సార్?"

మక్సూద్ సార్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "కాదు బిడ్డ. సీటీ మోగితే ఆట ఆగినట్టే. తప్పు సీటీ అయినా ఆగినట్టే. అప్పటికి బంతి ఎవలి చేతిల లేదు. ఆ తన్ను లేనట్టే లెక్క. మళ్ల తన్నాలె."

"నేను పట్టింది?"

"అది సుత లేనట్టే."

"నేనేం తప్పు చేసిన సార్?"

మెర్సీ తన నోట్‌బుక్‌లో ఆ రూలు ఏ పేజీలో రాసుకుందో, ఏ సిరాతో రాసుకుందో కూడా గుర్తు చేసుకోగలదు. రాసుకున్న రోజున అది న్యాయంగానే అనిపించింది.

గడియారం మళ్లీ ముప్పైకి తిప్పారు. మెర్సీ తన చోటికి వెనక్కి నడిచింది. విజిల్‌ను నోట్లోంచి తీసింది, పైటకొంగుతో తుడిచింది, గుప్పిట్లో పెట్టుకుంది. బుష్రా వెనక్కి తిరిగి ఆమెను చూసింది. అవతలి కొసన మైసమ్మ వంగి బూటు ముడి బిగిస్తోంది. బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించింది.

బంతి లేచింది. ఈసారి అంత ఎత్తుకు పోలేదు. బుష్రా చెయ్యి ఊపింది. మైసమ్మ అందరికంటే ముందుంది. మెర్సీ కళ్లు మూయలేదు. బంతి మొన మొన తిరుగుతూ దిగడం, బుష్రా మోచేతులు దగ్గరకు రావడం, తోలు వేళ్లను తాకడం చూసింది. గుప్పిట అప్పటికే గడ్డం దగ్గర ఉంది. బంతి వేళ్లలో ఒకసారి కదిలింది. మెర్సీ ఊదలేదు. మైసమ్మ నాలుగు అడుగుల దూరంలో ఉంది. జారాలని ఎవరో లోపల అన్నారు. అది తన గొంతే. రెండు చేతులూ బంతి మీద మూసుకున్నాయి. రొమ్ముకు అదుముకున్నాయి.

అప్పుడు ఊదింది.

మైసమ్మ మడమలు నేలలో దిగాయి. గులకరాళ్లు ఎగిరాయి. జానెడు దూరంలో ఆగింది. ఇద్దరు పిల్లలూ ఒకరి ముఖంలోకి ఒకరు ఊపిరి విడుస్తూ నిలబడ్డారు. రూల్సు పుస్తకంలో బొమ్మ వేయాల్సి వస్తే అట్లాగే వేయాలి, అంత సరిగ్గా మోగింది విజిల్.

తర్వాతి ముప్పై సెకండ్లలో ఏమీ జరగలేదు.

వేదిక మీద రఘుపతి మైకు అందుకున్నాడు. కోస్గి పిల్లలు కొత్త టీషర్టులు అట్లాగే పైన తొడుక్కున్నారు. "రెండు దినాల పోటీలల్ల ఒక్కరంటే ఒక్కరికి గాయం కాలే. దీనికి కారణం మన మెర్సీ మేడం. అందరు గట్టిగ సప్పట్లు," అన్నాడు. ఎవరో ఆమె భుజాల మీద శాలువ వేశారు. అది కొత్త బట్ట వాసన, గంజి వాసన వేసింది. జనం చప్పట్లు కొట్టారు. బుష్రా అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.

మెర్సీ శాలువతోనే నీళ్ల డ్రమ్ము దగ్గరకు వచ్చింది. మైసమ్మ హెల్మెట్ తీసి లోపల గుడ్డతో తుడుస్తోంది. ఇంక ఎవరూ పెట్టుకునేది లేదు, అయినా తుడుస్తోంది. వాళ్ల బాపు కొంచెం దూరంలో సంచి పట్టుకుని నిలబడ్డాడు. మెర్సీని చూసి నమస్తే పెట్టాడు.

"అన్నా, ఒక్క యేడాది ఆగరాదే," అంది మెర్సీ. "ఈ పిల్లకు నేను..."

"ఆగెటట్టుంటే ఆగకపోదునా మేడం," అన్నాడు ఆయన. "ఆడ దాని తల్లి గోడ వట్టుకొని నడుస్తాంది." సంచి ఇంకో చేతికి మార్చుకుని, "మంచిగనే ఆడింది గద నా బిడ్డ. ఉరుకుతుంటే నేనే గుర్తువట్టలే," అన్నాడు.

మైసమ్మ హెల్మెట్‌ను మిగతా వాటి పక్కన వరసలో పెట్టింది.

"బిడ్డ, బంతి నీకే దొరుకుతుండె. అందరి ముంగట చెప్పిన గద, తప్పు నాదే అని."

మైసమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"చెప్పుడు ఎందుకు మేడం," అంది. "ఊదకుంటే అయిపోతుండె గద."

తండ్రి చేతిలో సంచి తను తీసుకుని నెత్తిన పెట్టుకుంది. గేటు దాకా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు. గేటు దగ్గర పిల్ల వెనక్కి తిరుగుతుందేమో, చెయ్యి ఎత్తుతుందేమో అని మెర్సీ చూస్తూ నిలబడింది. రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి.

కాలేజీ ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది. రిపోర్టు కాగితం రఘుపతి ముందే నింపి పెట్టాడు. జట్ల పేర్లు, పాయింట్లు, వాతావరణం. కింద గళ్లు గీసి, గాయపడిన క్రీడాకారుల పేరు, ఊరు, కారణం అని ఉంది. ఆ గళ్ల మీదుగా ఆయన పెద్ద అక్షరాలతో "లేరు" అని రాశాడు.

"సంతకం ఒక్కటి కొట్టుర్రి మేడం. శాలువ మంచిగున్నది మీకు."

మెర్సీ కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లజోడు పెట్టుకుంది. "లేరు" అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసింది. పేరు గడిలో మైసమ్మ అని రాసింది. ఊరు గడిలో ఆత్మకూర్ అని రాసింది.

రఘుపతి ముందుకు వంగాడు. "ఆ పిల్లకు ఏం తాకింది మేడం? మంచిగనే నడుసుకుంట పాయె గద."

కారణం గడి చిన్నది. మెర్సీ చేతిరాత పెద్దది. అందుకని చాలా జాగ్రత్తగా, స్కూలు పిల్ల కాపీ రాసినట్టు రాసింది. విజిల్ ముందే ఊదడం. కింద సంతకం చేసి, తారీఖు వేసింది.

"గిట్ల రాస్తే పైన అడుగుతరు," అన్నాడు రఘుపతి. ఈసారి గొంతు మారింది. చెయ్యి చాచాడు.

మక్సూద్ సార్ ఆ చెయ్యికంటే ముందు కాగితం తీసుకున్నాడు. నిలబడే చదివాడు. చదివి, జేబులోంచి తన పెన్ను తీసి, ఆమె సంతకం కింద తన సంతకం పెట్టాడు. కాగితాన్ని మళ్లీ బల్ల మీద పెడితే ఫ్యాను గాలికి లేచింది. మెర్సీ వేళ్లకు చుట్టుకున్న తాడు విప్పి, విజిల్‌ను ఆ కాగితం మీద బరువుగా పెట్టింది. శాలువ మడిచి కుర్చీ చేతి మీద వేసింది. బయటికి నడిచింది.

మెట్ల దగ్గర ఉండగా వెనక నుంచి మక్సూద్ సార్ గొంతు వినిపించింది.

"మేడం, సీటీ మర్సిపోయిన్రు."

"మరువలే సార్," అంది మెర్సీ. బొంబాయి బస్సు ఆరింటికి, ఇంకా పదిహేను నిమిషాలు ఉన్నాయి. బస్టాండు వైపు వడివడిగా నడిచింది.